మగవాళ్ళు గడప దాటని రోజుల్లో

ఆమె పోయిందని ఆమె కూతురు ఫోన్ చేసి చెప్పింది. ఎప్పుడమ్మా అని అడిగాను.

"పొద్దున మేడమ్. దోసె తినింది, మాత్ర ఏసుకునింది, మంచమ్మీద కూసునింది. నేను గ్లాసు కడిగి వచ్చేలోపల అయిపాయ."

ఏడవలేదు. ఆ పిల్ల పులివెందులలో నర్సు. ఇలాంటి కబుర్లు రోజూ పదిమందికి చెప్పే ఉద్యోగం. తన ఇంటి కబురు కూడా అదే గొంతుతో చెప్పింది. ఫోన్ పెట్టేశాను. తరువాత లేచి బియ్యం కడిగాను.

చనిపోయినామె నాకు బంధువు కాదు. నేను ప్రొద్దుటూరు నుంచి రోజూ బస్సులో పోయి పాఠాలు చెప్పిన ఊళ్ళో ఒక రైతు భార్య. ఆ ఊరు ప్రొద్దుటూరికీ జమ్మలమడుగుకూ మధ్య, పెద్ద రోడ్డు నుంచి కొంచెం లోపలికి ఉంటుంది. ఏడో తరగతి దాకా ఉన్న బడి, ముగ్గురు టీచర్లం. బదిలీ కాగితం చూసి మా బంధువులు నాకు సానుభూతి తెలిపారు. ఆ ఊరి పేరు అప్పట్లో పేపర్లో వస్తుండేది. మంచి విషయానికి కాదు.

ఊళ్ళో రెండు వర్గాలు. గొడవ ఎందుకు మొదలైందని అడిగితే ఒకరు గట్టు తగాదా అనేవారు, ఒకరు మేకపోతు అనేవారు, ఇంకొకరు సర్పంచి ఎన్నిక అనేవారు. ఒక వర్గం ఒక పార్టీలో ఉంటే రెండోది రెండో పార్టీలో ఉండేది. ఒకసారి ఎన్నికల ముందు ఒక వర్గం పెద్దాయన పార్టీ మారాడు. వారం తిరక్కుండా రెండో ఆయన కూడా మారాడు, ఇద్దరూ ఒకే పార్టీలో ఉండడం కుదరదు కాబట్టి. గోడల మీది రాతలు చెరిపి ఇక్కడివి అక్కడ, అక్కడివి ఇక్కడ రాయించారు. రెండు వైపులా రాసిన పెయింటరు ఒక్కడే.

ఆమె భర్త నాయకుడేమీ కాదు. ఒక బాంబుల కేసులో ఏడో ముద్దాయి. ఆయన బాంబు వేశాడో లేదో నేనెప్పుడూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. బెయిలు మీద వచ్చినప్పటి నుంచి ఊరి పొలిమేర దాటలేదు. వాయిదా రోజు మాత్రం ముద్దాయిలంతా ఒకే జీపులో, పోలీసులు ముందొకరు వెనకొకరు ఉండగా, జమ్మలమడుగు కోర్టుకు పోయి వచ్చేవారు. మిగతా రోజుల్లో బయటికి పోతే అవతలివాళ్ళు దావలో కాచుకుని ఉంటారు. అవతలివాళ్ళ మగవాళ్ళకూ ఇదే బాధ. అందువల్ల ఊళ్ళో సగం మంది మగవాళ్ళు ఇళ్ళలో ఉండేవారు. పేకాడేవారు, గడ్డాలు గీయించుకునేవారు, మధ్యాహ్నం నిద్రపోయేవారు.

ఆడవాళ్ళ జోలికి పోకూడదని రెండు వర్గాలకూ ఒక కట్టుబాటు ఉండేది. అందుకని ఎరువులకు, విత్తనాలకు, కాలిపోయిన మోటారు బాగు చేయించడానికి, పత్తి అమ్మడానికి, లాయరును కలవడానికి ఆడవాళ్ళే పోయేవారు. ప్రభుత్వం మహిళల చైతన్యం గురించి మా చేత గోడల మీద నినాదాలు రాయించేది. ఆ ఊరికి ఆ నినాదాల అవసరం కనిపించలేదు.

పొద్దున నేను బస్సు దిగేచోట ఆమె ఎక్కేది. సాయంత్రం ఆమె దిగేచోట నేను ఎక్కేదాన్ని. శనివారాలు బడి ఒంటిపూట, ఆ రోజు ప్రొద్దుటూరిలో పని పెట్టుకుని నాతోపాటు వచ్చేది. మనిషి పొట్టి. చామనచాయ అనుకోవాలి గానీ ముఖం ఎప్పుడూ పాలిపోయి, బూడిద రంగులో ఉండేది. సీటులో కూర్చున్న రెండో నిమిషంలో నిద్రపోయేది. దిగాల్సిన చోటు రాగానే, ఎవరూ లేపకుండానే లేచేది.

మొదటిసారి మాట్లాడినప్పుడే ఒక వింత కోరిక కోరింది.

"బడిలో బలపం ముక్కలు మిగిలింటే ఇయ్యి మేడమ్."

ఆమె కూతురు నా దగ్గర ఒకటో తరగతి. ఆ పిల్లకేమో అనుకుని, మరుసటి రోజు పిడికెడు ముక్కలు పొట్లం కట్టి ఇచ్చాను. నా ఎదుటే ఒకటి తీసి పటుక్కున కొరికి నమిలింది. శనగలు నమిలినట్టు నమిలింది.

"బాగుంటాది మేడమ్. పిల్ల కడుపులో ఉన్నప్పటి నుంచి అలవాటు. దానికి ముందు రెండు కాన్పులు పోయినాయిలే" అంది. రెండు విషయాలనూ ఒకే వాక్యంలో, ఒకే తూకంతో చెప్పింది.

ఆఫీసుల్లో ఆమె పని చేయించుకునే తీరు నేను కరెంటు ఆఫీసులో ఒకసారి చూశాను. గుమాస్తా బల్ల దగ్గరికి పోయి, కుడి అరచేయి బల్ల మీద పరిచింది. దణ్ణం పెట్టలేదు, గొంతు పెంచలేదు. ఆ చేయి కాగితాల మధ్య అలా ఉండిపోయింది. గుమాస్తా కాసేపు దాని చుట్టూ రాసుకున్నాడు. తరువాత తలెత్తి, ఏం కావాలమ్మా అన్నాడు.

"మా లైను తెగి పదైదు రోజులాయ."

"ఆ ఊరికి మావాళ్ళు రారమ్మా. పోలీసులుంటేనే వస్తారు. అది రూలు."

"యాడ రాసిండాది?"

ఇది ఆమె ఊతపదం. ఎవరు ఏ రూలు చెప్పినా ఇదే అడిగేది. చదువు ఏడో తరగతితో ఆగిపోయింది గానీ, లోకంలో చాలా రూళ్ళు ఎక్కడా రాసిలేవని లాయరు వరండాలో కూర్చుని కనిపెట్టింది. గుమాస్తా రాసి ఉన్న కాగితం కోసం కాసేపు వెదికినట్టు నటించాడు. మూడో రోజు లైను కలిపారు.

నన్ను కూడా ఒకసారి అడిగింది. ఒకటో తేదీన, జీతాల మాట వచ్చింది. బ్యాంకుకు మావారు పోతారని, చెక్కు మీద సంతకం పెట్టి ఇస్తానని చెప్పాను.

"బ్యాంకు మీ ఇంటి పక్కనే అంటివి గదా. నువ్వు పోవా?"

"ఆయన చూసుకుంటారు."

ఆమె అర్థం చేసుకున్నదానిలా తల ఊపింది. "అవునులే. మీ ఆయప్ప మీద కేసు లేదు గదా."

వెక్కిరింపు కాదు. నిజంగానే కారణం అదే అనుకుంది. మరుసటి నెల బ్యాంకుకు నేనే పోయాను. మావారు ఎందుకని అడిగితే కారణం చెప్పలేకపోయాను.

ఆ రోజుల్లో ఒక శనివారం సంగతి చెప్పాలి. మధ్యాహ్నం బస్సులో ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. బస్సు పెద్ద రోడ్డు ఎక్కకముందే నలుగురు మనుషులు అడ్డం నిలబడ్డారు. తువాళ్ళు ముఖానికి చుట్టుకున్నారు, చేతులు తువాళ్ళ కింద ఉన్నాయి. డ్రైవరు ఇంజను ఆపి, స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. అలవాటైన మనిషిలా ఉన్నాడు. ఇద్దరు లోపలికి ఎక్కి సీటు సీటూ చూసుకుంటూ వచ్చారు. మా సీటు దగ్గర ఒకడు ఆగాడు.

"మీ ఆయప్ప యాడ?" అని ఆమెను అడిగాడు.

"ఇంట్లో ఉండాడు. పో, మజ్జిగిస్తాడు."

వాడు కదల్లేదు. ఆమె వాడి కళ్ళలోకి కొంచెంసేపు చూసి, "మీ అమ్మకు కంటి ఆపరేషను అంటిరే. అయినాదా?" అంది.

తువాలు చుట్టుకున్న మనిషిని గుర్తుపట్టకూడదు. అది కూడా ఒక రూలే. వాడు తికమక పడ్డాడు.

"ఇంకా లేదు. వచ్చే వారం" అన్నాడు.

"అయినాక వారం దినాలు కంటికి నీళ్ళు తగలనీయొద్దని చెప్పు. పొయ్యి కాడికి పోనీయొద్దు. మా యత్తకు పోనిచ్చి చెడగొట్టుకున్యాం."

"సరే" అన్నాడు వాడు. దిగిపోయారు. వాళ్ళు వెదికిన మనిషి ఆ బస్సులో లేడు. ఉండి ఉంటే ఏమయ్యేదో నేను ఆలోచించదలచుకోలేదు.

ప్రొద్దుటూరు వచ్చింది. అందరూ దిగారు. ఆమె మాత్రం లేవలేదు. నిద్రపోయిందేమో అని చూశాను. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"కాళ్ళు నా మాట ఇనడం లేదు మేడమ్. రెండు నిమిషాలు కూసుందాం."

కండక్టరు వచ్చి దిగమన్నాడు. "దిగుతాం" అంది గానీ ముందు సీటు కమ్మీని వదల్లేదు. ఆడవాళ్ళను ముట్టుకోరనే కట్టుబాటు కూడా ఎక్కడా రాసి లేదని ఆమెకు తెలుసని నాకు అప్పుడు అర్థమైంది. మధ్యాహ్నమంతా యథావిధిగా మందుల కొట్టు, పత్తి మండీ తిరిగింది. ఇంట్లో ఈ సంగతి చెప్పొద్దని మాత్రం నాకు చెప్పింది. చెబితే తన భర్త ఇంట్లో ఉండడని, బయటికి వస్తే పాణం పోతుందని.

ఆ ఇంటాయన నెమ్మదైన మనిషి. కూతురి చదువు గురించి మాట్లాడడానికి పోయినప్పుడు చూసేదాన్ని, అరుగు మీద శెనక్కాయలు వొలుస్తూ ఉండేవాడు. తాను ఎక్కువ కాలం బతకనని ఆయనకు నమ్మకం. లాయరు కూడా ఆ నమ్మకాన్ని పాడుచేయలేదు. అందుకే ముందు జాగ్రత్తగా, ఒక వాయిదా రోజున తన వాటా పొలం మొత్తం భార్య పేర రిజిస్టరు చేయించాడు. అందులో పత్తి చేను ఒకటి, ఊరికి ఉత్తరాన సగం నాపరాళ్ళే ఉండే చేను ఒకటి. ఈ రెండోదానిలో వర్షం బాగా కురిసిన ఏడాది జొన్న పండేది, తక్కిన సంవత్సరాల్లో రాళ్ళు కనిపించేవి.

ఆ రాళ్ళ కోసమే ఫ్యాక్టరీ వచ్చింది. సిమెంటు ఫ్యాక్టరీ. కంపెనీవాళ్ళు జీపుల్లో వచ్చి చేలల్లో రంధ్రాలు వేసి చూసుకుని పోయారు. ఆ ఏడాదే రెండు వర్గాలకూ రాజీ కుదిరింది. పోలీసులు, కోర్టు, రెండు పార్టీల పెద్దలు కలిసి తొమ్మిదేళ్ళలో చేయలేని పని అది. లారీల కాంట్రాక్టు ఒక పెద్దాయనకు, కూలీలను పంపే కాంట్రాక్టు రెండో పెద్దాయనకు. లారీ పోవాలంటే కూలీ ఎత్తాలి, కూలీకి పని ఉండాలంటే లారీ రావాలి. ఇద్దరూ ఒకే టెంటు కింద కూర్చుని కొబ్బరికాయ కొట్టారు. సాక్షులు ఎదురు తిరిగారు. కేసు కొట్టేశారు.

మగవాళ్ళు బయటికి వచ్చారు. మొదటి వారం బస్టాపులో గుంపుగా నిలబడేవారు. టికెట్ ధర వినగానే కండక్టరుతో పోట్లాడేవారు. వాళ్ళకు గుర్తున్న ధర తొమ్మిదేళ్ళ నాటిది. ఆమె భర్తను వెంటబెట్టుకుని జమ్మలమడుగు బ్యాంకుకు పోయిన రోజు, అక్కడి ప్యూను ఆమెకు నమస్కారం పెట్టి, "ఈయనెవరక్కా?" అని అడిగాడట.

"నువ్వేం చెప్పినావు?" అన్నాను.

"మా ఇంటాయన అన్యా. ‘బాగుండాడే’ అనె."

నెల తిరిగేసరికి ఊళ్ళో పాసుపుస్తకాలు, పట్టాలు, మండీ చీటీలు మెల్లగా మగవాళ్ళ జేబుల్లోకి చేరాయి. ఎవరూ గొడవ పడలేదు. చాలామంది ఆడవాళ్ళు హమ్మయ్య అనుకున్నారు కూడా. బస్సులో నాకు తెలిసిన ముఖాలు తగ్గిపోయాయి.

తరువాత, ఆ రాళ్ళ చేలు తీసుకున్న కంపెనీ నుంచి నోటీసు వచ్చింది. భూమి ఇచ్చిన కుటుంబానికి ఒక ఉద్యోగం, భూమి ఎవరి పేర ఉంటే వాళ్ళకు గానీ, వాళ్ళు చూపించినవాళ్ళకు గానీ. ఆమె ఆ కాగితం తీసుకుని బడికి వచ్చింది. మధ్యాహ్నం భోజనాల వేళ, నా ముందు పెట్టి అరచేయి దాని మీద పరిచింది.

"సదువు మేడమ్. ఆడోళ్ళకు ఇయ్యమని యాడన్నా రాసిండాదా?"

రెండుసార్లు చదివాను. లేదు. వయసు నలభై ఐదు దాటకూడదని, కనీసం ఏడో తరగతి చదివి ఉండాలని, డాక్టరు పరీక్షలో నెగ్గాలని మాత్రం ఉంది.

"అయితే నా పేరుతో రాయి."

రాశాను. వయసు ఎంత అని అడిగితే, యాభై ఉంటుందేమో అంది. నాకు దిగులేసింది. ఆమె పుట్టిల్లు పులివెందుల దగ్గర, చీనీ తోటల ఊరు; బత్తాయిని అక్కడ చీనీ అంటారు. అక్కడి బడికి పోయి సర్టిఫికెట్ తెచ్చుకోమన్నాను. రెండు రోజుల తరువాత తెచ్చింది. బస్సు దిగీ దిగగానే కాగితం నా చేతిలో పెట్టింది.

"నాకు ముప్పై ఎనిమిదంట మేడమ్" అంది. సంతోషించినట్టు లేదు. ఇన్నాళ్ళూ ఎవరో పన్నెండేళ్ళు తన దగ్గర దాచిపెట్టారన్నట్టు ఉంది.

ఆమె పుట్టింటికి పోయి వచ్చిన సంగతి ఆమె అన్నకు తెలిసింది. ఆ ఆదివారమే చీనీకాయల సంచి మోసుకుని దిగాడు. కూతురిని ఏడో తరగతి పరీక్షలకు చదివించడానికి నేను ఆ రోజు వాళ్ళింట్లోనే ఉన్నాను. అరుగు మీద అన్న, మరిది, మరిది కొడుకు, మంచం మీద అత్త, ఎప్పటి చోటులో ఆమె భర్త. ఆ ఉద్యోగం మరిది కొడుక్కు రావాలని ఇంట్లో అందరూ ఎప్పుడో అనేసుకున్నారు. డిగ్రీ రెండుసార్లు తప్పిన పిల్లవాడు. వాడికి కొత్త చొక్కా కూడా కుట్టించారు.

"ఆడదానివి, ఫ్యాక్టరీలో ఏం చేస్తావమ్మా?" అన్నాడు అన్న.

"లాయరు కాడ ఏం చేసినానో అదే చేస్తా అన్నా. కూసోమంటే కూసుంటా. పిలిస్తే లేస్తా."

"నలుగురు నవ్వుతారు వదినా" అన్నాడు మరిది. "వంశంలో మగపిల్లోడు ఒకడే. వాని బతుకు సూడల్ల గదా."

"వానికి నా కూతురు ఏమైతాది?"

"చెల్లెలు."

"వాని జీతంతో చెల్లెల్ని సదివిస్తాడా? రాసియ్యమను."

మరిది కొడుకు చొక్కా గుండీ చూసుకున్నాడు. అత్త మంచం మీద నుంచి, "ఇంట్లో మగోడు కూసోని, ఆడది కొలువుకు పోతే సంసారం నిలుస్తాదా?" అంది.

"తొమ్మిదేండ్లు నిలిచె గదత్తా" అంది ఆమె.

ఇక ఆమెతో లాభం లేదని అన్న భర్త వైపు తిరిగాడు. "ఏం బావా, నువ్వు చెప్పవేం? నీ పొలమే గదా."

ఆయన శెనక్కాయ వొలుస్తూనే, "పొలం ఆమె పేరుతో ఉండాది" అన్నాడు.

"రాసిచ్చింది నువ్వే గదా!" అన్నాడు మరిది కోపంగా.

"సస్తాననుకున్యా."

 ఆయన బతికి ఉండడం తప్పని ఎవరూ అనలేరు. అన్న చీనీకాయల సంచి అక్కడే పెట్టి, మధ్యాహ్నం బస్సుకు పోయాడు. మరిది ఆ సాయంత్రమే ఉమ్మడి వాకిలికి అడ్డంగా ముళ్ళకంప వేయించాడు. అత్త తన గుడ్డలు మూట కట్టుకుని చిన్నకొడుకు వైపుకు మారింది. దూరం పది అడుగులు.

కథ ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. అసలు కష్టం డాక్టరు దగ్గర వచ్చింది. వైద్య పరీక్ష ప్రొద్దుటూరిలో. నన్ను తోడు రమ్మంది, పోయాను. డాక్టరమ్మ ఆమె కింది రెప్ప లాగి చూసింది, గోళ్ళు నొక్కి చూసింది. రక్తం తీసి, వచ్చిన కాగితం చూసి, ఇంత దూరం నడిచి వచ్చావా అని అడిగింది.

"బస్సులో వచ్చినా."

"నీకు ఉండాల్సిన రక్తంలో సగమే ఉందమ్మా. ఇప్పుడు సంతకం పెట్టలేను. మూడు నెలల తరువాత రా. ఇంట్లో ఏం తింటావు?"

"ఏముంటే అది."

"ఎప్పుడు తింటావు?"

ఈ ప్రశ్నకు ఆమె చాలాసేపు ఆలోచించింది. "అందరూ తిన్యాక" అంది.

డాక్టరమ్మ మాత్రలు రాసింది. వాటి కింద గుడ్డు, ఆకుకూర, బెల్లం, శెనక్కాయలు, వారానికొకసారి మేక కార్జం అని రాసింది. ఆమె బలపం తింటుందని నేను చెబితే, అది తినకూడదని కూడా రాసింది. ఆమె ఆ చీటీ చేతిలోకి తీసుకుని, "నేనే ముందు తినల్లని కూడా రాయి డాక్టరమ్మా" అంది.

"అది రాయాలా?"

"రాస్తే మంచిది."

రాసింది. ‘పూటపూటకూ వేళకు తినాలి. మొదట తినాలి’ అని. ఆ చీటీని ఆమె వంటింటి గోడకు మేకు కొట్టి తగిలించింది.

ఆ తరువాత జరిగింది నాకు సగం ఆమె చెప్పింది, సగం కూతురు చెప్పింది. మొదటి రోజు సంగటి దించి, ముద్ద చేసి, గుడ్డు పెట్టుకుని, పొయ్యి పక్కన కూర్చుంది. భర్త అరుగు మీద ఉన్నాడు, ఇంకా తినలేదు. ముద్ద నోట్లోకి పోలేదట. దొంగతనం చేస్తున్నట్టు అనిపించిందట. బాంబులు పడిన రాత్రి కూడా అంత భయం వేయలేదని చెప్పింది. కూతుర్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, దానికో గుడ్డు పెట్టి, అప్పుడు తినింది. అలికిడి విని భర్త తలుపు దగ్గరికి వచ్చి చూశాడు. గోడ మీది చీటీ చూశాడు. మళ్ళీ అరుగు మీదికి పోయాడు. మూడో రోజు నుంచి, ఆమె చేనికి పోయి వచ్చేసరికి ఆయనే సంగటి కెలికి పెట్టేవాడట. గడ్డలు గడ్డలుగా ఉండేదట.

"తిన్యావా?"

"తింటి. డాక్టరు గడ్డలుంటే తినొద్దని రాయలేదు గదా."

పదో రోజో, పదైదో రోజో అత్త మూటతో తిరిగి వచ్చింది. చిన్నకొడుకు ఇంట్లో గుడ్లు లేవు. వచ్చి గోడ మీది చీటీ చూపించి, "ముసిలోళ్ళకు కూడా మంచిదేనంటనా?" అని అడిగిందట.

నాకు తెలిసిన మార్పు బడిలో కనిపించింది. మధ్యాహ్నం మూడో పీరియడులో ఎప్పుడూ గోడకు ఆనుకుని తూగే ఆమె కూతురు, ఆ రెండు నెలల్లో తూగడం మానేసింది. ఆ పిల్లను నేను ఆరేళ్ళుగా సోమరి అనుకున్నాను. మార్కుల పుస్తకంలో కూడా అలాగే రాశాను.

మూడు నెలలకు పోతే డాక్టరమ్మ సంతకం పెట్టింది. బయటికి వచ్చాక, ఎలా ఉంది ఒంట్లో అని అడిగాను.

"బలపం రుచి పోయింది మేడమ్. మన్ను మాదిరి ఉండాది" అంది.

ఉద్యోగం తూకం గదిలో. లారీ కాటా ఎక్కితే చీటీ తీసి డ్రైవరుకు ఇవ్వాలి, సంతకం తీసుకోవాలి. పెద్దాయన లారీలు వరుస తప్పించి ముందుకు వస్తే, "ముందు పోవల్లని యాడ రాసిండాది?" అనేది. డ్రైవర్లు ఆమెకు వెనక ఏదో పేరు పెట్టుకున్నారట. ముందర మాత్రం అక్కా అనేవారు. ఆమెను చూసి ఊళ్ళో ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు తమ పేర్లతో అర్జీలు రాయించుకున్నారు. మిగిలినవాళ్ళు కొడుకుల పేర్లకే సంతకాలు పెట్టారు. ఆ తరువాత కొన్నాళ్ళకు నాకు ప్రొద్దుటూరికే బదిలీ అయింది.

కూతుర్ని నర్సింగు చదివించింది. పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా, "ఉద్యోగం రానీ, తొందరేముండాది" అనేది. మరిది వాకిలికి వేసిన ముళ్ళకంప చెదలు పట్టి దానంతట అదే పోయింది.

చివరి నాలుగైదేళ్ళు ఆమెకు దగ్గు. ప్రొద్దుటూరిలో చూపించుకోవడానికి వచ్చినప్పుడల్లా మా ఇంటికి వచ్చేది. మెట్లు ఎక్కి, తలుపు పట్టుకుని నిలబడి, ఊపిరి అందాక లోపలికి వచ్చేది. తూకం గదికి కిటికీ రెండు వైపులా తెరిచే ఉండేది. ఇరవై ఏళ్ళ దుమ్ము. ఒకసారి ఉండబట్టలేక, ఆ రోజు నేను ఆ అర్జీ రాయకపోయి ఉంటే బాగుండేదేమో అన్నాను.

ఆమె నా వైపు విసుగ్గా చూసింది. "చేన్లో ఉన్నప్పుడు దుమ్ము తినలేదా మేడమ్? అప్పుడు జీతమియ్యలేదు."

కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, ఇంకో మాట అంది. "కిటికీకి అద్దం పెట్టమని మూడు అర్జీలిచ్చినా. నేను దిగిపోయినాక పెట్టినారంట. ఇప్పుడు ఆ సీట్లో ఉండే పాప బాగుంటాది."

ఆమె పోయిన పదకొండో రోజుకు నేను పోయాను. రెండు వర్గాల పెద్దాయనల కొడుకులు ఒకే కారులో వచ్చి, ఫోటోకు దండ వేసి పోయారు. ఇప్పుడు వాళ్ళది ఒకే పార్టీ. భర్త అరుగు మీద ఎప్పటి చోటులోనే ఉన్నాడు.

ఆయనను మళ్ళీ చూసింది మొన్న కార్తీకంలో. జమ్మలమడుగులో పెళ్ళికి పోయి తిరిగి వస్తుంటే, ఆ ఊరి మలుపు దగ్గర బస్సు ఎక్కాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ప్లాస్టిక్ కవరు. నన్ను చూసి పక్కన కూర్చున్నాడు.

"యాడికి పోతాండావు అన్నా?" అన్నాను.

"పొద్దుటూరు బ్యాంకుకు మేడమ్. ఆమె పింఛను నాకు రావల్లంటే, నేను బతికుండానని యేటేటా సంతకం పెట్టల్లంట. పాపకు సెలవు దొరకలేదు. యాడ దిగల్లో చెబుతావా?"

"ప్రొద్దుటూరికి ఎప్పుడూ రాలేదా?"

"శానాసార్లు వచ్చినా. దావ ఆమె సూసుకునేది. నేను యెనక నడిసేవాణ్ణి."

బస్టాండుకు ముందే, బ్యాంకుకు ఎదురుగా ఇద్దరం దిగాం. రోడ్డు అంచున నిలబడి ఆయన కుడి వైపు చూశాడు, ఎడమ వైపు చూశాడు, మళ్ళీ కుడి వైపు చూశాడు. చాలాసేపు అలా చూశాడు. బండ్ల కోసం చూశాడో, మనుషుల కోసం చూశాడో నాకు తెలియలేదు.

"రా అన్నా" అని నేను ముందు నడిచాను.